తలుపు తీయని చిన్నమ్మ

పోయిన మంగళవారం పొద్దున దుమ్ముగూడెం నుంచి ఫోన్ వచ్చింది. చిన్నమ్మ నిద్రలోనే పోయిందట. ఎంత పిలిచినా పలకకపోతే పక్కింటివాళ్లు తలుపు గట్టిగా నెట్టారట, లోపలి గొళ్లెం ఊడి పడిందట. ఊడింది గొళ్లెమేనా అని రెండుసార్లు అడిగాను. ఎందుకో చెప్పాలంటే మా సినిమా సంగతి చెప్పాలి.

నేనూ నా స్నేహితులూ తీసిన ఆ చిన్న సినిమా మీలో కొందరైనా చూసి ఉంటారు. మస్కట్ వెళ్లిన భర్త అక్కడ ఇంకొకామెతో కాపురం పెడతాడు, ఇక్కడ భార్య ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ కథ చిన్నమ్మదే. అడిగితే, పేరు మార్చు చాలు అంది. మాకు విమానం ఎక్కే స్తోమత ఎక్కడిది? ఎండాకాలం గోదావరి ఇసుక తిన్నెలనే ఎడారి చేశాం, ఆమె ఇంటి వెనక గదినే మస్కట్ గది చేశాం. పదిమందికీ ఆమే వండిపెట్టింది. ఎవరి పేరూ గుర్తుండక, పచ్చచొక్కా, గళ్లచొక్కా అని పిలిచి వడ్డించేది. ఒకరోజు షాట్ అయ్యాక ఆ గదిలోకి పోయి, రెండో ఆమె వేషం వేసిన పిల్ల మంచం మీద పడేసిన చున్నీని మడతపెట్టి దిండు మీద ఉంచింది. "గిట్లనే ఉంటదా ఆడ?" అని నన్నడిగింది. నాకేం తెలుసు, ఉంటుందేమో అన్నాను.

సినిమా చివర్లో భర్త తిరిగొచ్చి తలుపు కొడతాడు. భార్య తీస్తుంది. జనానికి అదే నచ్చుతుందని నేనే అలా రాశాను. హైదరాబాదులో వేసినప్పుడు సరిగ్గా అక్కడే చప్పట్లు కొట్టారు కూడా. తర్వాత చిన్నమ్మకు లాప్‌టాప్‌లో చూపిస్తే, ఆ తలుపు దగ్గరే ఆపమంది.

"ఆయన నిజంగనే వచ్చిండు బిడ్డా, మూడేండ్ల కింద. పొద్దుగూకేదాక అరుగు మీద కూసున్నడు. నేను తలుపు తియ్యలే. నా బతుకుల నా ఇష్టంతోని చేసింది గదొక్కటే. నీ సినిమాల గూడ తియ్యనియ్యకు."

ఆ సంగతి ఆమె ఇంకెవరికీ చెప్పలేదు. మారుస్తానని మాటిచ్చాను. గొళ్లెం మీద చిన్నమ్మ చెయ్యే కదలకుండా ఉన్నట్టు చూపిస్తే చాలు, ఒక్క పూట పని. కెమెరా దొరకలేదని ఒకసారి, వానలని ఒకసారి, బద్ధకమని చెప్పలేక ఇంకోసారి వాయిదా వేశాను. ఫోన్ చేసినప్పుడల్లా, "గొళ్లానికి నూనె పెట్టిన, ఎప్పుడొస్తవ్?" అనేది. గొంతులో కోపం ఉండేది కాదు. ఉంటే బాగుండేది, భయపడైనా వెళ్లేదాన్ని. ఇప్పుడు ఎవరి చెయ్యి పెట్టి తీయను? ఆమె తలుపు తీయలేదని మీకైనా చెప్పడం తప్ప నాకింకేం మిగల్లేదు.

మూడో రోజున మస్కట్ నుంచి చిన్నాయన వచ్చాడు. వాకిట్లో కాసేపు నిలబడి, తలుపు మీద చెయ్యి వేశాడు. ఆపడానికి ఏమీ లేదు. తలుపు తెరుచుకుంది, అచ్చం నేను తీసిన షాట్ లాగే. ఎవరో ఆయనకు కుర్చీ వేశారు. నేను గుమ్మం పక్కన కూలబడి, మూల పడి ఉన్న గొళ్లెం తీసి పట్టుకున్నాను. చేతికి నూనె అంటింది.