గునుగు పూల పెళ్ళి దండలు

ఈ సంగతి రాసిపెట్టక తప్పదనిపించింది. వచ్చే నెల మా మనవరాలి పెళ్ళి. పూల అలంకరణకు మహబూబాబాద్‌లో అడిగిన ధర విని ఇంట్లో అందరూ తలలు పట్టుకుని, ఖర్చు తగ్గే దారి నన్నడిగారు. నేను బడిలో ఎక్కువ చదవలేదు కానీ, గ్రంథాలయంలో పూలమొక్కల పుస్తకాలన్నీ తిరగేసినదాన్ని. వాటిలో గునుగు గురించి ఉంది. గునుగు పూలతో జరిగిన పెళ్ళి గురించి మాత్రం లేదు. ఆ పెళ్ళి చూసినవాళ్ళలో నాకు తెలిసి మిగిలింది ఇద్దరమే.

నా చిన్నప్పుడు మేము స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. పక్కింటి అక్కకు పెళ్ళి కుదిరిన ఏడాదే వాళ్ళ బాపు జబ్బు చేసి పోయాడు. ఉన్నదంతా దవాఖానకే అయింది.

"పూలు లేకుండ పిల్లను ఎట్ల సాగనంపాలె అవ్వా" అని అక్క తల్లి, పక్కింటి పెద్దమ్మ, మా అరుగు మీద కూర్చుని మా నాయనమ్మ ముందు ఏడ్చింది. మగపెళ్ళివారి ముందు చులకనవుతామన్నదే ఆమె దిగులు.

నాయనమ్మ ఆమెను చేనుగట్లకు తీసుకుపోయింది. బతుకమ్మ పండుగ అప్పుడే అయిపోయింది. గట్ల మీద తెల్ల గునుగు ఇంకా విరగబూసి ఉంది. ఎండినా రాలని పువ్వు అది. నాయనమ్మ వాటిని కట్టలు కట్టి దూలానికి వేలాడదీసి, మాఘమాసంలో పెళ్ళి దగ్గర పడ్డాక ఎర్రరంగు నీళ్ళలో ముంచి ఆరబెట్టి, దండలు గుచ్చింది. పందిరికీ అవే, పెళ్ళికూతురికీ పెళ్ళికొడుకుకీ అవే. చూసినవాళ్ళు పట్నంలో కొన్నారనే అనుకున్నారు.

పెళ్ళినాడు పెద్దమ్మ చేయి ఊరుకోలేదు. దండ అంటే వాడిపోకుండా నీళ్ళు చల్లి తడిబట్ట కప్పడం ఆమెకు అలవాటు. ఎవరికీ చెప్పకుండా అలాగే చేసింది. దండలు మార్చుకోగానే పెళ్ళికొడుకు తెల్ల లాల్చీ మీద ఎర్రటి చారలు దిగాయి.

"పూలేనా గివి, గోడలకు పూసే ఎర్ర జాజా?" అంది పెళ్ళికొడుకు మేనత్త. "మా పిలగాని అంగిని అద్దకానికి ఇచ్చినట్టున్నరు."

నవ్వులు లేచాయి. అక్క తల వంచుకుంది. భర్త పోయిన మనిషి కాబట్టి తలుపు వెనకే నిలబడ్డ పెద్దమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెళ్ళి చివర ఆడే వసంతం కోసం పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళ గిన్నె మూలన ఉంది. నాయనమ్మ దాన్ని ఎత్తుకొచ్చి, ముందు తన తెల్లచీర మీద ఒంపుకుంది. తరువాత పెళ్ళికొడుకు మీద, మేనత్త మీద చల్లింది.

"మా తాన వసంతం దండలతోనే షురూ అయితది వదినా. జర ఓర్సుకో."

పెళ్ళికొడుకు మంచివాడు. ఫక్కున నవ్వి గిన్నెలో చేయి ముంచి, "అత్తా, నీకు సరిపోలే" అంటూ ఆమె చెంపలకు పూశాడు. కాసేపటికి పందిట్లో తెల్లబట్ట మిగల్లేదు. లాల్చీ మీద మొదటి చార ఏదో ఎవరూ చెప్పలేకపోయారు.

అయితే నాయనమ్మ కూడా తాతయ్య పోయిన మనిషే. "మొగడు లేనోళ్ళకు వసంతమేంది? శుభమా అని పెండ్లయితుంటే" అన్నాడు మా ఊరి పెద్దాయన ఒకరు. నవ్వులు ఆగిపోయాయి. ఆమె గిన్నె కింద పెట్టి ఇంటికి నడిచింది. నేను వెంట వెళ్ళాను.

బావి దగ్గర ఎంత ఉతికినా మరక వదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడ్వకు బిడ్డా," అంది చీర పిండుతూ. "పోతే నా చీర పోయింది. ఆళ్ళ ఇజ్జత్ పోలే."

ఆ తరువాత మా వాడలో ఏ పెళ్ళికీ ఆమెను పిలవలేదు. పిలవరని గిన్నె ఎత్తినప్పుడే ఆమెకు తెలుసు. వీధిలో మేళం వినబడితే ఆ మరకల చీరతోనే గుమ్మంలో కూర్చుని, ఊరేగింపు మలుపు తిరిగేదాకా చూసేది. రేగొండకు కాపురానికి వెళ్ళిన అక్క మాత్రం పుట్టింటికి వచ్చినప్పుడల్లా ముందు మా గడపే తొక్కేది.

మరిచిపోయినవి ఫోనులో గుర్తుచేసిన ఆ రేగొండ అక్కకు, రాసుకోమని బల్ల ఖాళీ చేసి ఇచ్చిన గ్రంథాలయం అన్నకు, తప్పులు దిద్దిన మనవరాలికి నా కృతజ్ఞతలు. మా నాయనమ్మకు చెప్పుకునే వీలు లేదు.

ఈసారి గునుగు నేనే కోసి ఆరబెట్టాను. దండలపై నీళ్ళు చల్లొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. మా ఆయన పోయి చాన్నాళ్ళయింది. మనవరాలు నాకు పట్టుచీర కొంటానంటే, తెల్ల నూలుచీర చాలన్నాను. వసంతం గిన్నె నా పక్కనే ఉంటుంది.