ఒడిబియ్యానికి అంటిన పెట్రోలు

నా చిన్నప్పుడు పెట్రోలు కలిసిన అన్నం కడుపునిండా తిని బతికి బట్టకట్టానని మనవళ్లకు చెబుతుంటాను. వాళ్లు ముక్కులు మూసుకుంటారు. అందుకే చెబుతాను.

ఆ వేసవిలో మా అక్క చంటిబిడ్డతో జైనూర్ దగ్గరున్న అత్తగారింటికి బయలుదేరింది. ఆసిఫాబాద్‌లో మా అవ్వ, అంటే అమ్మ, ఆమెకు ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన ఆ బియ్యాన్ని ఎండుకొబ్బరితో మూటగట్టి తీసుకుపోయి, అత్తగారింట్లో వండి ఇరుగుపొరుగును పిలిచి పెట్టాలి. దారిలో మూటను నేల మీద పెట్టకూడదు. బియ్యం చెడితే పుట్టింటి మర్యాద చెడినట్టే. అక్క చేతుల్లో చంటిది ఉండడంతో మూట నా వంతుకు వచ్చింది. మోటార్‌సైకిల్ నడిపేది మా మేనమామ. వెనక అక్క, ముందు టాంకు మీద నేను, నా ఒళ్లో మూట.

మామకు ఆ బండంటే మహా గొప్ప. నీళ్ల కుండల పక్కన చల్లగా దాచిన డబ్బాలోని పెట్రోలును తెల్లవారుతూనే టాంకు మూతి దాకా పోశాడు. కొంచెం ఖాళీ ఉంచమని బాపు అంటే నవ్వి మూత బిగించాడు.

ఘాట్ రోడ్డు ఎక్కకముందే మామ దోస్తు ఇంటి దగ్గర ఆగాం. చాయ్ తాగి పోదామన్న మామ పేకాటకు కూర్చున్నాడు. బండి ఎండలో ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉంది. మూట ఎక్కడ పెట్టాలని అడిగితే, టాంకు మీద పెట్టమన్నాడు. పెట్టాను.

మేం బయటికి వచ్చేసరికి పెట్రోలు పొంగి వాకిలంతా కాలువలు కట్టింది. లేదు, అంత లేదు. అరచేయంత తడి, అంతే. ఎండకు లోపలి పెట్రోలు ఉబ్బింది. చోటు చాలక మూత సందులోంచి ఊరి మూట అడుగును తడిపింది. కానీ ఆ కంపు మాత్రం నేను పెంచి చెప్పడం లేదు. పసుపూ, కొబ్బరీ, పెట్రోలూ కలిసిన ఆ రోతను ఒళ్లో పెట్టుకుని ఘాట్ రోడ్డంతా ఎక్కాను. నిక్కరు తడిసి తొడలు మండాయి. ఒక మలుపులో పక్కకు వంగి కక్కుకున్నాను.

అత్తకు ఏమని చెప్పాలని అక్క దారిలో ఒక్కసారే అడిగింది. ఫికర్ చేయొద్దు, తాను చెబుతానన్నాడు మామ.

చెప్పాడు. అక్క అత్త గడపలో మూట అందుకుని, వాసన తగిలి ముఖం తిప్పుకోగానే చెప్పాడు.

"నేను వద్దనే అన్న. మీ కోడలే టాంకు మీద పెట్టింది."

పెట్రోలు కంపు కంటే ఆ మాటే నాకు ఎక్కువ వెగటు పుట్టించింది. అక్క తల దించుకుంది. మేనమామ అబద్ధమాడాడని అత్తగారి ముందు అంటే అదీ పుట్టింటికే చిన్నతనం. నేను నోరు విప్పబోతే నా భుజం గట్టిగా నొక్కింది.

అత్త నా భుజం మీది అక్క చేతిని చూసింది. మూట విప్పి పైనున్న పొడి బియ్యం చాటలోకి, అడుగున తడిసినవి వేరే గిన్నెలోకి తీసింది. రెండూ విడివిడిగా కడిగి వండింది. పక్కింటివాళ్లంతా వచ్చి బంతిలో కూర్చున్నాక, మామకు మాత్రం ఆ గిన్నెలోంచి వడ్డించింది. పప్పు ఎంత పోసినా ఆ వాసన అణగలేదు. మామ ముద్ద కలుపుతూ ఆమె వైపు చూశాడు.

"తినుర్రి. వద్దన్న మనిషికి పరేషాన్ ఎందుకు?"

ముద్ద నోటి దాకా పోయింది. ఓకరింపుతో మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. ముద్ద కంచంలో వదిలేశాడు.

"టాంకు నిండ పోసింది నేనే. మూట పెట్టుమన్నది గూడ నేనే."

అత్త ఆ కంచం గుంజుకుని ఇంకో కంచం పెట్టింది. పులిసే పిండి కుండలోనే ఉబ్బుతుందని చోటు ఉంచుతామే, ఎండలో నిలిపే టాంకుకు ఉంచొద్దా అని మాత్రం అడిగింది. తర్వాత అక్క వైపు తిరిగింది.

"నువ్వు గూసో బిడ్డా. మీ అవ్వగారి బియ్యం మంచిగున్నయి."

అక్క అప్పుడు ఏడ్చింది.

పెట్రోలు అన్నం మామ తినలేదు, నేనూ తినలేదు. తిన్నానన్నది నా కోత. అత్త దాన్ని పెంటలో పూడ్చిపెట్టింది.

ఇప్పుడు మా కారుకు పెట్రోలు పోయించేటప్పుడు గొట్టం తనంతట తాను ఆగాక ఒక్క చుక్క కూడా పోయనివ్వను. అది సులువే. ఇంట్లో నా చేతిలో ఏదైనా చెడినప్పుడు 'కోడలే చేసింది' అన్న మాట నాలుక చివరికి వస్తుంది. దాన్ని ప్రతిసారీ మింగేస్తాను. ప్రతిసారీ అన్నదీ కోతే. కొన్నిసార్లు అనేస్తాను. ఆ పూట నాకు అన్నం సహించదు.