చింతగింజలు పట్టిన చెయ్యి

చిన్నప్పుడు నేను అన్నం తింటున్నంతసేపూ నా ఎడమ గుప్పిట్లో చింతగింజలుండేవి. మామ్మ పెట్టేది. నాన్నగారి అమ్మని మేం మామ్మ అంటాం. నేను కంచం ముందు కూర్చోగానే వంటింట్లోంచి గుప్పెడు గింజలు తెచ్చి, నా ఎడమచేతిలో పోసి, వేళ్లు మూసి, "తినడం అయ్యేదాకా ఒక్కటి కూడా కింద పడకూడదు తల్లీ" అనేది. చేతికి ఏదో ఒక పని అప్పజెబితే అది అన్నంలోకి రాదని ఆవిడ ఉపాయం. నేను పుట్టుకతో పుర్రచెయ్యి పిల్లని మరి.

కొట్టేది కాదు, తిట్టేది కాదు. "ఆ చెయ్యి కాదమ్మా" అనేది, అంతే. పలక మీద అక్షరం దిద్దినా, చర్చిలో కానుక వేసినా, పక్కింటికి కూరగిన్నె పట్టుకెళ్లినా అదే మాట. చూసినవాళ్లెవరైనా "పిల్లది పుర్రచెయ్యాండీ?" అని అడిగితే మామ్మ మొహం చిన్నబోయేది. "అబ్బే, లేదండీ. ఆటకి అలా చేస్తుందంతే" అని నా చెయ్యి తన చీర కుచ్చిళ్లలోకి లాక్కునేది. పదేళ్లు వచ్చేసరికి నేను లోకానికి కుడిచేతి మనిషినైపోయాను. ఇప్పుడు అమలాపురంలో జూనియర్ కాలేజీ పిల్లలకి లెక్కలు చెబుతూ బోర్డు మీద రాసేది కుడిచేత్తోనే. సీసా మూత బిగుసుకుపోతే మాత్రం ఎడమచెయ్యి తనంతట తనే ముందుకొస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా రాజోలు చుట్టుపక్కల ఎలక్ట్రిక్ గిటారుతో పాత కీర్తన పాడించగల చెయ్యి ఏదని అడిగితే ఇవాళ నేను నా ఎడమచెయ్యి ఎత్తి చూపిస్తాను. గొప్పలు పోతోందనుకుంటారేమో. పోతున్నాను. కష్టపడి సంపాదించుకున్న గొప్పని దాచుకోవడం నాకు చేతకాదు.

మా చర్చిలో మామ్మ ఎత్తుకుంటే తప్ప పాత కీర్తన మొదలవదు. ఆడవాళ్ల వైపు ముందు వరసలో నిలబడి, పుస్తకం తెరవకుండా, కళ్లు మూసుకుని పాడుతుంది. ఆ పుస్తకంలో ప్రతి పాట పైనా రాగం పేరూ తాళం పేరూ అచ్చేసి ఉంటాయి గానీ మామ్మకి వాటితో పనిలేదు. ఊడుపుల్లో వాళ్లమ్మ పాడుతుంటే విని నేర్చుకున్న పాటలవి. ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి ఆవిడ గొంతు జారుకుంటూ వెళ్తుంది. ఎక్కడ వదిలిందో, ఎక్కడ పట్టుకుందో తెలియదు. చిన్నప్పుడు ఆ గొంతు వింటూ బెంచీ మీదే నిద్రపోయేదాన్ని.

గిటారు నేను డిగ్రీ చదివేటప్పుడు చర్చిలో ఉన్న పాతదాని మీద నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చాక సొంతంగా ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కున్నాను. కుడిచేతివాళ్లు వాయించేదే కొన్నాను. ఎడమచెయ్యి మెట్ల మీద తీగలు నొక్కుతుంది, కుడిచెయ్యి పిక్ అనే చిన్న ప్లాస్టిక్ బిళ్లతో మీటుతుంది. యూత్ పాటలకి అది బాగానే సరిపోయింది. ఆ ఊపులో ఒక ఆదివారం మామ్మ కీర్తన ఎత్తుకోగానే నేను కూడా వెనకాల అందుకున్నాను. రెండో చరణంలో ఆవిడ కళ్లు తెరిచి చెయ్యి పైకెత్తింది. చర్చంతా ఆగిపోయింది.

"అది ఆపమ్మా. పాటని బెండకాయలు తరిగినట్టు తరిగేస్తున్నావు" అంది.

అందరూ నవ్వేరు. పాస్టరుగారు కూడా నవ్వేరు. నాకు చెవులు మండిపోయాయి. కోపంగా ఇంటికొచ్చి, ఫోన్లో నేను రికార్డు చేసుకున్నది పెట్టుకుని విన్నాను. మామ్మ చెప్పింది నిజమే. ఆవిడ జారుతున్న చోటల్లా నేను టక్కు టక్కుమని కొడుతున్నాను. నిజమైనందుకు కోపం ఇంకా ఎక్కువైంది.

ఆ రికార్డింగులో ఇంకొకటి కూడా వినబడింది. పొడుగాటి చరణాల చివర మామ్మకి ఊపిరి చాలడం లేదు. మాట సగంలో తెగిపోతోంది. ఆవిడ ఆగినప్పుడు వెనక పాడేవాళ్లు ఎటు వెళ్లాలో తెలియక తడబడుతున్నారు. కిందటేడు అలా లేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే అయితే ఆవిడంతట ఆవిడే ముందు వరస వదిలేసి వెనక్కి వెళ్లి కూర్చుంటుంది, అంత అభిమానం ఆవిడది. ఆ తెగిన చోట నా గిటారు ఉండాలి. ఆవిడ ఊపిరి తీసుకునేదాకా పాటని పట్టుకుని, తీసుకోగానే తిరిగి ఆవిడ చేతిలో పెట్టాలి. నాకు కావలసింది అంతే. కానీ తరగడం తప్ప తెలియనిదాన్ని మామ్మ దగ్గరికి రానివ్వదు కదా.

అమలాపురంలో గిటారు నేర్పే మాస్టారి దగ్గర చేరాను. కాలేజీ అయ్యాక వెళ్లేదాన్ని. నా కుడిచెయ్యి నెమ్మదని ఆయన తేల్చేరు. పిక్ కిందకీ పైకీ సమంగా ఆడాలని సాధన ఇచ్చేరు. చేశాను, చేశాను, కుడిచెయ్యి మొండికేసింది. ఒకరోజు ఆయన ఫోన్ మాట్లాడుతుంటే నేను కుడిచేత్తో మంచినీళ్ల సీసా పట్టుకుని, ఎడమచేతి వేళ్లతో ఊరికే తీగ మీద ఏదో గిలుకుతూ కూర్చున్నాను. ఆయన ఫోన్ పక్కన పెట్టేసేరు.

"ఇప్పుడేం చేసేరండీ? మళ్లీ చెయ్యండి."

చేశాను. మీటకుండానే స్వరాలు పలుకుతున్నాయి.

"మీది ఎడంచేతి వాటమాండీ?"

"అబ్బే, లేదండీ" అన్నాను. మామ్మ మాటే, మామ్మ గొంతుతోనే, నా నోట్లోంచి వచ్చేసింది. ఆయన నా చేతినే చూస్తూ కూర్చున్నారు. నాకు సిగ్గేసింది. "ఆయ్, అవునండీ" అన్నాను. బయటివాళ్ల దగ్గర ఆ మాట ఒప్పుకోవడం నాకదే మొదటిసారి.

"మరి ఇన్నాళ్లూ మనం తప్పు చేతిని బతిమాలుతున్నామండీ" అని ఆయన నవ్వేసేరు. అప్పుడు లెగాటో మొదలుపెట్టించేరు. అంటే కుడిచేత్తో ఒక్కసారి మీటి, ఆ తర్వాతి స్వరాలన్నీ ఎడమచేతి వేళ్లతోనే పలికించడం. పైస్వరానికి వెళ్లాలంటే వేలితో తీగని మెట్టు మీద గట్టిగా దింపాలి. కిందిస్వరానికి రావాలంటే ఆ వేలు ఊరికే ఎత్తెయ్యకుండా తీగని కాస్త కిందికి లాగి వదలాలి. ఎత్తేస్తే స్వరం చచ్చిపోతుంది, లాగితే పలుకుతుంది. ఈ ఒక్క తేడా నా వేళ్లకి ఎక్కడానికి ఒక వానాకాలం పట్టింది.

ఇంటి అరుగు మీద కూర్చుని సాధన చేసేదాన్ని. నా జడ రబ్బరుబ్యాండు తీసి గిటారు మెడకి బిగించేదాన్ని, అక్కర్లేని తీగలు మోగకుండా. స్పీకరు పెట్టినా గరగర మోత లేకుండా తేటగా పెట్టమన్నారు మాస్టారు. మోతలో తప్పులు దాక్కుంటాయిట. తేటగా పెడితే నా చిటికెన వేలి బండారం బయటపడింది. మిగతా మూడూ గట్టిగా మాట్లాడుతుంటే అది గొణిగేది. దాన్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టి పాఠం చెప్పాను. వేగం తగ్గించాను, ఇంకా తగ్గించాను. నాలుగు వేళ్లూ ఒకేలా గట్టిగా పలికేదాకా పాట జోలికే వెళ్లలేదు. లెక్కల టీచర్ని కదా, మెట్టు దాటెయ్యడం నాకు గిట్టదు.

మామ్మ లోపల గదిలో బియ్యం ఏరుకుంటూ ఉండేది. "ఏంటమ్మా ఆ టిక్కు టిక్కులు, గోడగడియారంలా" అనేది మొదట్లో. తర్వాత్తర్వాత "ఇందాకటికంటే నయం" అంది. ఒకరోజు చాటలో బియ్యం చప్పుడు ఆగిపోయింది. నేను తలుపు వైపు చూడలేదు. చూస్తే చెయ్యి తడబడుతుందని భయం.

వేళ్లు దారికొచ్చాక మామ్మ పాటని పట్టుకున్నాను. పుస్తకంలో స్వరాలు కాదు, ఆవిడ ఎక్కడ జారుతుందో, ఎక్కడ ఊగుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో చూశాను. ముందు నోటితో పాడుకునేదాన్ని, పాడినట్టే వేలు వెళ్లేది. కీర్తన చరణం మొత్తానికి పిక్ తగిలేది ఎక్కడో ఒకటి రెండు చోట్ల. మిగిలినదంతా ఎడమచెయ్యే.

కోతల పండుగ వచ్చింది. ఆరోజు చర్చికి అందరూ తమ పంటలో మొదటిది తెస్తారు. బలిపీఠం ముందు అరటిగెలలు, కొబ్బరిబొండాలు, ధాన్యం బస్తాలు, ఎవరో తెచ్చిన కోడిపుంజు. వాటిని ఆరాధన అయ్యాక బయట వేలం వేస్తారు. బయల్దేరేముందు మామ్మతో "ఇవాళ కీర్తనకి నేనూ వాయిస్తాను" అన్నాను. ఆవిడ పమిట సర్దుకుంటూ, "సరే. నేను చెయ్యెత్తితే ఆపెయ్యాలి మరి" అంది. అలాగేనని మాటిచ్చాను.

మామ్మ కీర్తన ఎత్తుకుంది. నేను మొదటి చరణమంతా ఆవిడ వెనకే, నీడలా, తగ్గి నడిచాను. రెండోదీ గడిచింది. మూడో చరణం చివర పొడుగాటి వరస ఉంది, ఎప్పుడూ తెగేది అక్కడే. ఆవిడ గొంతు సన్నబడటం విన్నాను. అంతలోనే చెయ్యి పైకి లేచింది.

మాట ఇచ్చాను, ఆపాలి. కానీ చెయ్యి లేచినప్పుడు ఆగిన గొంతు నాది కాదు, ఆవిడది. ఆవిడ వేళ్లు గాల్లో చిన్నగా తిరిగాయి, కానియ్యి, కానియ్యి అన్నట్టు. నేను కానిచ్చాను. ఆ వరసని ఆవిడ వదిలిన చోట అందుకుని, ఆవిడ జారే చోటల్లా జారి, ఊగే చోటల్లా ఊగి, చిటికెన వేలు ఒక్కసారి కూడా గొణక్కుండా చివరిదాకా తీసుకెళ్లాను. కుడిచెయ్యి ఊరికే ఉంది. వెనక పాడేవాళ్లు ఎవరూ తడబడలేదు. మామ్మ కళ్లు మూసుకుని, నోరు మూసుకుని, తన పాట తనే వింది. తర్వాత నిండుగా ఊపిరి తీసుకుని పల్లవి అందుకుంది. అంత గట్టిగా ఆవిడ పాడగా ఈమధ్య నేను వినలేదు.

ఆరాధన అయ్యాక బయట వేలం మొదలైంది. అరటిగెల దగ్గర కేకలు వినబడుతున్నాయి. నేను గిటారు సంచీలో పెట్టుకుని వచ్చేసరికి మామ్మ చుట్టూ ఆడవాళ్లు చేరేరు. పాట మధ్యలో మోగింది ఏంటండీ, వయొలిన్ తెప్పించేరా అని ఎవరో అడిగేరు.

"వయొలినా? మా మనవరాలి గిటారండీ" అంది మామ్మ. ఆ పక్కనే నిలబడ్డ నా ఎడమచెయ్యి పట్టుకుని, అందరికీ కనబడేలా పైకెత్తింది. ఒకప్పుడు చీర కుచ్చిళ్లలో దాచిన చెయ్యే. "పుర్రచెయ్యండీ మా పిల్లది, పుట్టుకతోనే! అందరికీ వస్తుందేంటండీ అది?"

ఆడవాళ్లు నా వేళ్ల చివరల కాయలు తడిమి చూసేరు. నాకు గర్వంతో కళ్లు నిండిపోయాయి. ఎటు చూడాలో తెలియలేదు.

"మరి వేళ్లకంత బలం ఎలా వచ్చిందండీ మామ్మగారూ?" అని ఒకావిడ అడిగింది.

మామ్మ ఏమాత్రం తడుముకోలేదు.

"చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు ఈ చేతిలో చింతగింజలు పోసి గుప్పిట బిగించమనేదాన్నండీ" అంది. "నాకు అప్పుడే తెలుసు."