ఫ్యాను మీద కాపురం

మా బాబాయి నోట రోజు మొత్తంలో ఎక్కువగా వచ్చే మాట ఒక్కటే: "ష్!"

ఆయన దర్జీ. ముందుగదిలోనే కుట్టుపని. ఆ గదిలో ఫ్యాను పైగిన్నెలో ఏటా పిచ్చుకలు గూడు పెట్టేవి. మొదటి గడ్డిపరక కనిపించగానే బాబాయి స్విచ్చికి గుడ్డముక్క అంటించేసి, కుట్టుమిషన్ని వంటింట్లోకి ఈడ్చుకుపోయేవాడు. చప్పుడుకి తల్లి బెదురుతుందట! ఇక ఎండాకాలమంతా ఇంటిల్లిపాదీ చెమటలో స్నానం.

"కూరలో గుండీ వచ్చిందండీ," అనేది పిన్ని.

"ష్! చొక్కాదైతే ఇటివ్వు, వెతుకుతున్నాను."

ఒకసారి బస్సు డ్రైవరొకాయన గుమ్మంలో నిలబడి, "నా ప్యాంటేదయ్యా?" అని గర్జించాడు.

"ష్! గుడ్ల మీద ఉంది."

"నా ప్యాంటా?"

"పిచ్చుకండీ బాబూ! గొంతు తగ్గించండి."

ఆ ఏడే పక్కింటి పెద్దమ్మ భర్త, గడియారాలు బాగుచేసే ఆయన, ఉన్నట్టుండి పోయారు. పెద్దమ్మ తలుపేసుకుంది. తిండి లేదు, నిద్ర లేదు. పిన్ని పంపిన కంచం పంపినట్టే తిరిగొచ్చేది. "ఏడవకు" అనడానికి వచ్చినవాళ్లంతా ఆవిడని ఏడిపించే వెళ్లారు. "ఇలాగైతే మనిషి దక్కదు," అని పిన్ని భయపడింది.

బాబాయి ఓదార్చలేదు. వెళ్లి తలుపు తట్టాడు.

"అక్కయ్యా, కొంప మునిగింది! పిల్లి తిరుగుతోంది. నేనేమో మిషన్ దగ్గరుండాలి. కాస్త వచ్చి కాపలా కూర్చో."

"నా బతుకే ఇలా ఏడిస్తే, మధ్యలో నీ పిచ్చుకల గోలేంట్రా?"

"తిట్టు. కానీ మెల్లిగా తిట్టు. ష్!"

తిడుతూనే వచ్చింది. కాపలా మనిషి కుర్చీ దిగకూడదన్నది బాబాయి చట్టం. అందుకని అన్నం కుర్చీ దగ్గరికే వచ్చేది. కళ్లు గూటి మీద ఉంటే, చెయ్యి తనకి తెలియకుండానే ముద్ద కలిపేది. కొన్నాళ్లకి పెద్దమ్మ తల్లిపిచ్చుకని కేకలెయ్యడం మొదలుపెట్టింది: "ఇప్పుడా రావడం? పిల్లలు నోళ్లు తెరుచుకుని చస్తున్నాయి!" అది విని పిన్ని వంటింట్లో దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ కుర్చీ దిగింది. స్విచ్చి మీది గుడ్డముక్క పీకింది.

"అక్కయ్యా! పిల్లలు!" బాబాయి పరిగెత్తుకొచ్చాడు.

"ఏ పిల్లలురా? ఎగిరిపోయి వారమైంది. నా కళ్లముందే వెళ్లాయి."

బాబాయి నేల చూపులు చూశాడు. "నాకూ తెలుసులే."

"మరి రోజూ ఎందుకు పిలుస్తున్నావు?"

"నువ్వెందుకు వస్తున్నావు?"

జవాబు వంటింట్లోంచి వచ్చింది.

"వారమా? వారంనుంచి నన్నీ మిషన్‌తో కలిపి ఉడకబెడుతున్నారా!"

పెద్దమ్మ నవ్వింది. గోడలదిరేలా నవ్వింది. బాబాయి మాత్రం "ష్" అనలేదు.

ఫ్యాను తిరిగింది. మా అందరి నెత్తిమీదా గడ్డిపరకలు రాలాయి. అబ్బ, ఏం గాలి! ఆ గాలికి పెద్దమ్మ కుర్చీలోనే కునుకు తీసింది. బాబాయి ఇక ఆ పూట మిషన్ ముట్టుకోలేదు.

అంతలో డ్రైవరు దిగాడు. "ఇవాళైనా నా ప్యాంటు..."

"ష్!"

"మళ్లీ గుడ్లా?"

"కాదు. అక్కయ్య పడుకుంది."

డ్రైవరు కుర్చీకేసి చూశాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పిల్లిలా వెనక్కి నడుస్తూ గుసగుసగా అన్నాడు: "తొందరేం లేదులే. మెల్లిగానే కుట్టు."