నిన్న ఇంట్లో ఏం పని పెట్టుకున్నారు?

వేడెక్కిన దుమ్ముకు ఒక వాసన ఉంటుంది. టీవీ స్టాండు వెనక, ఏళ్ల తరబడి ఎవరి చెయ్యీ పోని సందులో, రాత్రింబవళ్లు వెలుగుతూ ఉండే నెట్ డబ్బా మీద పేరుకున్న దుమ్ము అది. పోయిన వారం తార్నాకలో ఒక ఇంటికి నెట్ బాగుచేయడానికి వెళ్లి స్టాండు వెనక తల దూర్చగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. ఇంటావిడ వెనక నుంచి "మేమేం ముట్టుకోలేదమ్మా, దానంతట అదే పోయింది" అంటున్నారు. నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో నేను వెళ్లిన ఇళ్లన్నింటిలోనూ కంప్యూటర్లు వాటంతట అవే పోయాయి. మనుషుల వల్ల ఒక్కటీ పోలేదు. తల బయటికి తీసి, చేతులు దులుపుకుని, "నిన్న ఇంట్లో ఏం పని పెట్టుకున్నారండీ?" అని అడిగాను. ఆ ప్రశ్న నాది కాదు, ఎల్లయ్య సార్‌ది.

ఎల్లయ్య సార్ యూనివర్సిటీ క్యాంపస్‌లో, నెట్‌వర్క్ సెక్షన్‌లో టెక్నీషియన్. జనగామ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్లది. టెలిఫోన్ తీగలు లాగే పనికి వచ్చి, క్యాంపస్‌లోకి కంప్యూటర్లు దిగాక వాటితో పాటే పని నేర్చుకున్న మనిషి. నేను డిప్లొమా చేసి కాంట్రాక్టు ఉద్యోగం మీద ఆయన దగ్గర చేరాను. మాది కడప వైపు. నాన్న ఉద్యోగం కోసం తార్నాక వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఫస్టు క్లాసు సర్టిఫికెట్టూ ముక్కు మీద కోపమూ, రెండూ నా దగ్గర దండిగా ఉండేవి. ఆయన దగ్గర ఉన్నవి ఒక పాత స్క్రూడ్రైవరు, జేబులో కళ్లజోడు, ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీలో కూర్చుని చాయ్ తాగే అలవాటు. ఆ చాయ్ అలవాటు చూస్తే మొదట్లో నాకు ఒళ్లు మండిపోయేది. పని ఎగ్గొట్టడానికి పెద్దవాళ్లు కనిపెట్టిన ఉపాయం అనుకునేదాన్ని.

ఒకరోజు క్వార్టర్స్‌లో ఒక చరిత్ర ప్రొఫెసర్‌గారింటికి వెళ్లాం. పడకగదిలోకి వైఫై రావడం లేదని ఫిర్యాదు. నేను వెళ్లీ వెళ్లగానే కంప్యూటర్ ముందు కూర్చుని సెట్టింగులన్నీ తిరగేయడం మొదలుపెట్టాను. ఎల్లయ్య సార్ హాల్లో కూర్చుని ఆ ఇంటి అమ్మగారితో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతున్నారు. చాయ్ సగంలో ఉండగా, "అమ్మా, గా బీరువ ఇంతకుముందు గాడ లేకుండె గద?" అన్నారు. "మా అక్కవాళ్లు మల్కాజ్‌గిరిలో ఇల్లు ఖాళీ చేస్తూ పంపారయ్యా. పోయిన ఆదివారమే పెట్టించాం" అన్నారావిడ. ఆయన లేచి వెళ్లి చూస్తే నెట్ డబ్బా సరిగ్గా ఆ ఇనప బీరువా వెనక గోడ గూట్లో ఉంది. ఇనుము దాటి సిగ్నల్ ఎలా పోతుంది? డబ్బాను బీరువా మీదికి ఎక్కించారు, పడకగదిలోకి వైఫై వచ్చింది. నేను సెట్టింగుల్లో ఎక్కడున్నానో కూడా అప్పటికి నాకు గుర్తులేదు.

బయటికొచ్చాక, "నేను కూడా అడిగాను కదా సార్, ఏం చేశారు అని. ఏమీ చెయ్యలేదన్నారు" అని ఉక్రోషంగా అన్నాను.

"ఏం చేసిన్రు అని అడగొద్దు బిడ్డా. గట్లంటే పోలీసులు అడిగినట్టుంటది. ఎవ్వలైనా నేనేం చెయ్యలే అనే అంటరు. నిన్న ఇంట్ల ఏం పని పెట్టుకున్నరు అని అడుగు. జరుపుడు, దులుపుడు, సామాన్లు వచ్చుడు, అన్నీ వాళ్లే చెప్తరు."

విని తలూపాను కానీ ఒంటబట్టించుకోలేదు. ఒంటబట్టింది కరోనా రోజుల్లో, సుమలత గదిలో.

సుమలత అడిక్‌మెట్‌లో చిన్న గది అద్దెకు తీసుకుని ఉండే రీసెర్చ్ స్కాలర్. నల్లగొండ వైపు రైతు కుటుంబం, ఆ ఇంట్లో అంతదాకా చదివింది ఆమె ఒక్కతే. క్యాంపస్ మూసేశారు కాబట్టి ఆమె పీహెచ్‌డీ వైవా గదిలోంచే, కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక పొద్దున పదకొండింటికి. అది అప్పటికే ఒకసారి వాయిదా పడింది. ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఆమె కోసం నెలాఖరు దాకే ఆగుతుంది, అదీ వైవా అయితేనే. ప్రశ్నలడగాల్సిన బయటి ప్రొఫెసర్ ఇంకో తేదీ ఇవ్వలేనని ముందే చెప్పేశారు. ఫోన్‌లో కానివ్వొచ్చు కదా అంటారేమో. మూడు మేడల మధ్య ఇరుక్కున్న ఆ గదిలో, ఫోన్ సిగ్నల్ కిటికీ దాకా వచ్చి వెనక్కి పోయేది. ఎవరూ ఎవరినీ ఇంట్లోకి రానివ్వని రోజులు కాబట్టి ఇంకోచోట కూర్చునే వీలూ లేదు. సరిగ్గా ముందురోజు మధ్యాహ్నం నెట్ పోయింది. వాళ్ల గైడ్ మా సెక్షన్‌కు ఫోన్ చేస్తే సాయంత్రం నేను వెళ్లాను. సార్ లేకుండా ఒక్కదాన్నే వెళ్లడం కాస్త గొప్పగా కూడా అనిపించింది.

డబ్బా లైట్లన్నీ వెలుగుతున్నాయి, నిమిషానికల్లా ఆరిపోతున్నాయి, మళ్లీ వెలుగుతున్నాయి. "ఏం చేశావు దీన్ని?" అన్నాను. అడగొద్దన్న మాటే అడిగాను. "నేనేం ముట్టలేదక్కా" అంది సుమలత బిక్కమొహం వేసుకుని. సరే అని చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసి, డబ్బా వెనక ఉండే సన్నటి రీసెట్ కన్నంలో గుచ్చి పట్టుకున్నాను. లైట్ల వరస మారలేదు. మారింది ఇంకొకటి. రీసెట్ నొక్కితే డబ్బా తన లోపల రాసుకున్నదంతా మరిచిపోతుంది. నెట్ కంపెనీవాళ్లు ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా పోతాయి. అవి రాసిపెట్టి ఉన్నాయో లేదో కనుక్కోకుండా ఆ కన్నం జోలికి పోకూడదు. ఇది మొదటి నెలలోనే ఎవరైనా నేర్చుకునే సంగతి. కనెక్షన్ ఇంటి ఓనర్ పేరు మీద ఉంది, అవి సుమలతకు తెలియవు.  "కంపెనీ లైనే పోయినట్టుంది. రేపు పొద్దున సార్‌ని తీసుకొస్తా" అని చెప్పి బయటపడ్డాను. పాపం, ఆ అమ్మాయి నాకు థాంక్స్ కూడా చెప్పింది. దారిలో సార్‌కి ఫోన్ చేసి, "లైను పోయింది సార్, నేనేం ముట్టుకోలేదు" అన్నాను. ఆయన అడగను కూడా లేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకల్లా ఇద్దరం ఆ గదిలో ఉన్నాం. ఆ రోజుల్లో చాయ్ లేదు, మూతికి మాస్కు. అయినా సార్ స్టూల్ మీద కూర్చున్నారు. "నిన్న రూముల ఏం పని పెట్టుకున్నవ్ బిడ్డా?"

"ఏం లేదు సార్. వైవా గద, ఎన్క బట్టల దండెం కనవడ్తదని తీసేసిన. బల్ల జరిపిన. వైర్లకు బాగ దుమ్ము పట్టిందని అన్నీ పీకి, తుడిసి, మల్ల పెట్టిన" అంది సుమలత.

సార్ కిందికి వంగారు. బల్ల కింద రెండు నల్లటి అడాప్టర్లు, అచ్చు అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. ఒకటి నెట్ డబ్బాది, ఒకటి చదువుకునే లైటుది. రెండింటి పిన్నూ ఒకే సైజు, ఇచ్చే కరెంటు మాత్రం వేరు. వైవాలో గది శుభ్రంగా కనబడాలని తుడిచిన ఆ పిల్ల లైటు అడాప్టర్ తెచ్చి డబ్బాకు పెట్టింది. అది చాలక డబ్బా లేవబోయి పడిపోతూ ఉంది. సార్ రెండూ మార్చి పెట్టారు. లైట్లు నిలబడ్డాయి, కానీ నెట్ లైటు ఎర్రగానే ఉంది. టైము పది దాటింది. సుమలత గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

సార్ తన ఫోన్ తీసి వైఫై పేర్లు చూశారు. ఇంటి ఓనర్ పెట్టుకున్న పేరు పోయి, కొత్త డబ్బా కొన్నప్పుడు ఉండే అంకెల పేరు కనబడుతోంది. రీసెట్ నొక్కితేనే అలా వస్తుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక్కసారి నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. చెబితే కాంట్రాక్టు పోతుందేమోనన్న భయం, దాన్ని మించి పరువు పోతుందన్న భయం. ఆయన మళ్లీ వెళ్లి అదే స్టూల్ మీద కూర్చుని, సుమలతను అడిగిన గొంతుతోనే, అంతే మెత్తగా అడిగారు.

"నిన్న పొద్దుమీకి గీడ నువ్వేం పని పెట్టుకున్నవ్ బిడ్డా?"

 ఆయన తొందరపెట్టలేదు. పదకొండు కావస్తున్నా తొందరపెట్టని మనిషి ముందు అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది? "రీసెట్ నొక్కాను సార్. పాస్‌వర్డ్ పోయింది. లైను పోయిందని ఈ అమ్మాయికి అబద్ధం చెప్పాను" అన్నాను. సుమలత నన్ను చూసి, "గా మాట నిన్ననే చెప్తే అయిపోవు గదక్కా. రాత్రంత ఏడ్సుకుంట కూసున్న" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"ఏడ్సుడు తర్వాత. ఓనర్‌కు ఫోన్ కొట్టు" అన్నారు సార్. సుమలత కిటికీకి ఆనుకుని నిలబడి ఫోన్ చేసింది. ఓనర్ సీతాఫల్‌మండిలో కూతురింట్లో ఉన్నాడు. నెట్ కాగితం ఫొటో తన పాత ఫోన్‌లో ఉందని, అది వెతికి, ఒక్కో అక్షరం చదివాడు. "పెద్ద అక్షరమా, చిన్న అక్షరమా?" అని నేను అడగడం, అతను విసుక్కోవడం. రెండుసార్లు తప్పింది. మూడోసారి, పదకొండుకు పది నిమిషాలుండగా, ఆకుపచ్చ లైటు వెలిగింది. మేమిద్దరం బయట మెట్ల మీద కూర్చున్నాం. తలుపు సందులోంచి సుమలత గొంతు మొదట వణుకుతూ, తర్వాత నిదానంగా వినిపించింది. అయ్యాక బయటికొచ్చి, "డాక్టరేట్ ఇచ్చేసిన్రు సార్" అని ఆయన కాళ్లకు దండం పెట్టింది. నాతో ఏమీ అనలేదు. అనకపోవడమే న్యాయం.

వెనక్కి వస్తూ, "మీకు ముందే తెలిసింది కదా సార్. ఆమె ముందే తిట్టేయొచ్చు కదా" అన్నాను.

 సార్ ఎటో చూస్తూ చెప్పారు. "నేను కొత్తగ చేరినప్పుడు తవ్వుకుంట తవ్వుకుంట ఒక కేబుల్ కోసిన. హాస్టల్ల ఫోన్లన్ని రెండు దినాలు బంద్. ఎవ్వలు చేసిన్రు అన్నరు. నేను చప్పుడు చెయ్యలే. నాతోటి పనిచేసే సత్తయ్య మీదికి వోయింది. పర్మనెంట్ కావాల్సినోడు, ఇంటికి వోయిండు. నువ్వు ఒక్క రాత్రిల చెప్పినవ్ బిడ్డా. నేను ముప్పై ఏండ్ల సంది చెప్పలే."

నేను ఆయన మీద జాలిపడ్డానో, కోపగించుకున్నానో నాకే తెలియలేదు. నేను దేవుడనుకున్న మనిషి ఒక మనిషి కడుపు కొట్టి ఊరుకున్నాడు. ఆ ఊరుకున్నవాడే నాకు నోరు తెరిచే దారి చూపించాడు. రెండూ ఒక మనిషిలోనే ఉన్నాయని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఆయన రిటైరైన రోజు డిపార్ట్‌మెంట్ హాల్లో సభ పెట్టారు. శాలువా, దండ, పొగడ్తలు అయ్యాయి. చివర్లో ఆయన్ని రెండు మాటలు చెప్పమన్నారు. మైకు పట్టుకుని, "ఎన్కటికి హాస్టల్ కేబుల్ తెగింది యాదున్నదా? గా కేబుల్ కోసింది నేను. సత్తయ్య కాదు" అన్నారు.  ఆఖరి వరసలో తెల్లచొక్కా వేసుకున్న ఒక ముసలాయన తలొంచుకుని కూర్చున్నాడు. సారే స్వయంగా ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చారట. సార్ స్టేజీ దిగి, మెడలోని దండ తీసి, ఆ వరస దాకా నడిచి వెళ్లారు. సత్తయ్య దండ వేయించుకోలేదు. చేత్తో పక్కకు నెట్టి, "గిప్పుడు చెప్తున్నవా ఎల్లిగా" అన్నాడు. కానీ లేచి వెళ్లిపోలేదు. పక్క కుర్చీ మీద ఉన్న తన సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. సార్ ఆ కుర్చీలో కూర్చున్నారు.

ఇప్పుడు నేను సొంతంగా ఇళ్లకు వెళ్లి పని చేస్తున్నాను. నా చేతి తప్పులు ఆగలేదు. పోయిన నెల ఒక పెద్దాయన కంప్యూటర్‌లో ఆయన ఏరి దాచుకున్న ఫొటోలు కొన్ని నా తొందరపాటు వల్ల చెరిగిపోయాయి. హార్డ్ డిస్క్ పాతబడింది అంటే నమ్మేవారు. నాలుక చివరికి వచ్చింది కూడా. ఆయన ఇచ్చిన మంచినీళ్లు తాగడానికి పట్టినంతసేపు పట్టింది నాకు నోరు తెరవడానికి. అంతసేపు కూడా పట్టకూడదు.