సుందరక్కకు కావలసింది

మొన్న మా కోడలు బుట్ట మీది వరిగడ్డి తొలగించగానే ముగ్గిన చిన్నరసాల వాసన ఇల్లంతా నిండింది. పండు మెత్తబడిందో లేదోనని బొటనవేలితో నొక్కబోయింది. "నొక్కకే!" అన్నాను, నాకే కొత్తగా వినిపించేంత గట్టిగా. ఆ మాట నాది కాదు, సుందరక్కది. మీరెవరూ ఆమెను చూడలేదు. చూసినవాళ్ళం కూడా సరిగ్గా చూశామని చెప్పలేను.

నేను ఐదో తరగతితో చదువు ఆపినదాన్ని. పెళ్ళయిన రెండో వేసవి, ఎనభై నాలుగో అయిదో, నూజివీడులో ఒక మామిడి షావుకారుగారి షెడ్డులో పనికి కుదిరాను. అక్కడ ఆడవాళ్ళు గడ్డి పరిచి బుట్టల్లో కాయలు పేరుస్తారు, మగవాళ్ళు ఆ బుట్టలు కుట్టి లారీకెత్తుతారు. సుందరక్క ఆడవాళ్ళ వరుసలో చివర కూర్చునేది. మగపిల్లాడిగా పుట్టిందని, చీర కట్టినందుకు ఇంట్లోవాళ్ళు వెళ్ళగొడితే హనుమాన్ జంక్షన్ వైపు నుంచి వచ్చిందని చెప్పుకునేవారు. వెనకాల అనే పేర్లు వేరే ఉన్నాయి, అవి రాయను. మొదటి వారం నేనూ ఆమెకు జానెడు ఎడంగానే కూర్చున్నాను. ఆ జానెడూ ఆమే చెరిపేసింది. నేను కాయ నొక్కి చూస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నొక్కకే పిల్లా. నొక్కినచోటే మచ్చపడుద్ది. అరచేతిలో పెట్టుకో, పక్వానికొచ్చిందో లేదో అదే చెప్పుద్ది."

"ఒరేయ్ సుందరం, ఆ బుట్ట ఇటు లాగు" అని మేస్త్రి కేకేస్తే, "సుందరమ్మండీ మేస్త్రిగారూ. ఇంకొక్క అక్షరం కలిపితే మీ నోరేం అరిగిపోదు" అనేది. షెడ్డంతా నవ్వేది. మేస్త్రి కూడా నవ్వేవాడు. మర్నాడు మళ్ళీ సుందరం అనే పిలిచేవాడు.

ఆ వేసవిలోనే షావుకారుగారి బంధువొకాయన, బెజవాడ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే మేష్టారు, కాగితాల సంచితో వచ్చారు. మనిషన్నవాడికి నిజంగా ఏమేం కావాలి, అవి అందకపోతే తప్పెవరిది అన్నదాని మీద పరిశోధన చేస్తున్నారట. అందుకని సుందరక్కలాంటివాళ్ళను అడిగి రాసుకుంటున్నారట. ఖాళీ బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నారు.

"కూడు, గుడ్డ, నీడ. ఈ మూడింట్లో నీకు ముందు ఏది కావాలమ్మా?"

"కూడు ఎక్కడైనా దొరుకుద్దండీ. ఏ వరుసలో కూర్చోబెట్టి పెడతారో, అది కావాలి."

"మూడింట్లో ఒకటి చెప్పాలి మరి."

"అయితే గుడ్డ రాసుకోండి. ఏ గుడ్డో కూడా రాసుకోండి."

మేష్టారు కలం ఆపి ఆమె వంక చూశారు. "దానికి నా కాగితంలో గడి లేదమ్మా" అన్నారు. తర్వాత కాగితం అంచున ఏదో రాసుకున్నారు. నాకు నవ్వొచ్చింది. గుడ్డంటే గుడ్డే కదా అనుకున్నాను.

కాపు అయిపోయిన రోజున పనివాళ్ళకు బట్టలు పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. మగవాళ్ళకు పంచె. ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, ఆకువక్కతో రవిక గుడ్డ. ముందురోజు షావుకారుగారి భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, నన్ను పిలిచి "ఆడాళ్ళెంతమందే? మగాళ్ళెంతమంది?" అని అడిగారు. వేళ్ళ మీద లెక్కపెడుతూ సుందరక్క దగ్గర ఆగాను. పంచె పెద్దది, చలికి కప్పుకోవచ్చు, చించి రెండు పనులకు వాడుకోవచ్చు. రవిక గుడ్డ ఎంతని? పాపం, అక్కకు ఎవరున్నారు, పెద్దదే రానీ అనుకుని మగవాళ్ళలో కలిపి చెప్పాను. మేలు చేశాననే అనుకున్నాను.

మర్నాడు అక్క తలంటుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. అమ్మగారు ఒక్కొక్కరికీ బొట్టు పెట్టుకుంటూ వస్తున్నారు. అక్క ముఖం ముందుకు వంచి కళ్ళు మూసుకుంది. అమ్మగారు ఆమెను దాటి నాకు పెట్టారు. మేస్త్రి వచ్చి అక్క చేతిలో పంచె పెట్టాడు.

అక్క కళ్ళు తెరిచింది. "ఇది నాది కాదండీ."

"నీదే. అన్నిట్లోకీ ఖరీదైంది, ఉంచుకో" అన్నారు అమ్మగారు. "ఈ పిల్లే చెప్పింది."

అక్క నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. "నన్నొక్క మాట అడిగితే పోయేదా పిల్లా?" అంది, అంతే.

నా రవిక గుడ్డ ఆమె చేతిలో పెట్టబోయాను. తోసేసింది. "నీది నాకెందుకే? నాది నాకు కావాలి."

ఆ ఇంట్లో ఎదురుచెప్పినవాళ్ళకు మళ్ళీ కాపుకు పిలుపుండదు. అయినా అన్నాను, "తప్పు నాదండీ అమ్మగారూ. అక్క ఆడాళ్ళ లెక్కలోదే."

అమ్మగారు లోపలికి వెళ్ళిపోయారు. ఇక రారనుకున్నాం. కాసేపటికి తన పెట్టెలోంచి ఆకుపచ్చ రవిక గుడ్డ తెచ్చి, ఆకువక్కతో అక్క చేతిలో పెట్టారు. బొట్టు పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. కుంకుమ భరిణె పట్టుకుని అలాగే నిలబడ్డారు. అక్క మళ్ళీ ముఖం వంచింది. నేను ఆ భరిణెలో వేలు ముంచి అక్క నుదుట పెట్టాను. కూలిపిల్ల అమ్మగారి భరిణె ముట్టుకోవడమేమిటని అప్పుడు తోచనే లేదు. అమ్మగారు భరిణె వెనక్కి లాక్కోలేదు.

మరుసటి కాపుకు నాకు పిలుపు వచ్చింది, అక్కకు రాలేదు. రెడ్డిగూడెం తోటల్లో చేరిందని విన్నాను. వెళ్ళి చూడలేదు, ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. మేష్టారి పుస్తకం అచ్చయిందో లేదో తెలియదు, అయినా అది నేను చదవగలిగేదీ కాదు. ఇంటికి ఎవరొచ్చినా ఏం కావాలో అడుగుతాను, వాళ్ళు చెప్పేదాకా ఆగుతాను. "మజ్జిగక్కూడా ఇంత విచారణా?" అని మావాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. మేలనుకుని అక్కను మగవాళ్ళలో కలిపింది ఈ నోరే. అడగడం కూడా దీనికే నేర్పుకున్నాను.