బీరువాలో అర్జీ

ఆత్మకూరులో మాజీ గవర్నరు ఇంట్లో పొద్దున తొమ్మిదింటికి ఫైలు రావాలి. ఊరంతా పెద్దసారనే ఆయనకు దాన్ని తెచ్చేది హన్మంతు. పెద్దసారు వనపర్తి కోర్టులో వకీలుగా ఉన్నప్పుడు కాగితాల కట్ట మోయడానికి హన్మంతు తిమ్మాజిపేట నుంచి వచ్చాడు. ఆయన ఎమ్మెల్యే అయినా, మంత్రి అయినా, ఉత్తరాదిన ఒక రాష్ట్రానికి ఐదేళ్లు గవర్నరుగా పోయినా వెంటే ఉన్నాడు. రాజ్‌భవన్‌లో అతను చేసిన పని ఒకటే. కాగితం ముందు పెట్టాలి, సంతకం అయ్యాక తీసి పక్కన పెట్టాలి. అది తర్వాత ఎటు పోతుందో చూసుకునేందుకు వేరే మనుషులుండేవాళ్లు.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. పెద్దసారుకు మతిమరుపు వచ్చి మూడేళ్లయింది. ఫైలు రాకపోతే అన్నం ముట్టడు. అందుకని హన్మంతు పాత కాగితాలే తెచ్చి పెడతాడు, సంతకాలయ్యాక బీరువాలో పెట్టి తాళం వేస్తాడు.

వానాకాలం మొదట్లో ఆ ఊరి వెంకటమ్మ అర్జీ తెచ్చింది. భర్త పోయాక రెండెకరాల చేను ఆమె పేరు మీదికి రావాల్సింది, పాసుబుక్కులో మరిది పేరు పడింది. పెద్దసారు ఆమెను కూచోబెట్టి, అంతా విని, సంతకం చేశాడు. హన్మంతు అలవాటు చొప్పున తీసి బీరువాలో పెట్టాడు.

నెల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. మరిది పేరు మీద అభ్యంతరం చెప్పడానికి సోమవారమే ఆఖరట. అర్జీ ఏ ఆఫీసుకు పంపారని అడిగింది.  హన్మంతు బీరువా తెరిచి చూపించాడు.

“గవర్నర్ సాబు సంతకమని ఊరంత చెప్పుకున్న,” అంది వెంకటమ్మ. “నా చేను మీ బీరువా రాసిస్తదా, అన్నా?”

అతను లోపలికి పోయి పెద్దసారుతో ఉన్నదున్నట్టు చెప్పాడు, మూడేళ్ల ఫైళ్ల సంగతి కూడా.  ఆయన చెప్పులెక్కడని అడిగాడు.

సోమవారం ముగ్గురూ వనపర్తి బస్సెక్కారు. కలెక్టరాఫీసులో అర్జీల వరుసలో రెండు గంటలు నిలబడ్డారు. ఎందుకొచ్చామో పెద్దసారు రెండుసార్లు మరిచిపోయాడు, రెండుసార్లూ వెంకటమ్మే చెప్పింది. బల్ల దగ్గర గుమాస్తా ఆయన్ని మీరెవరని అడిగాడు. ఆయన హన్మంతు వైపు చూశాడు. నలభై ఏళ్లుగా ఆ జవాబు చెప్పేది హన్మంతే.

“ఆమె వెంట వచ్చినోళ్లం, సారూ,” అన్నాడు హన్మంతు. “కాగితం ఆపింది నేను.”

గుమాస్తా ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. చేను సంగతి విచారణలో తేలాలి.

మరునాడు తొమ్మిదింటికి పెద్దసారు ఫైలు అడిగాడు. హన్మంతు ఒక్కో కాగితం తిప్పి, ఎవరిదో చదువుకుని, ఆ తర్వాతే లోపలికి తీసుకుపోయాడు.